స్లాబు వేసే రోజు: ఇల్లు కట్టుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇల్లు కట్టించేవారికి నిద్ర పట్టని రాత్రి ఒకటుంటుంది. అది శంకుస్థాపనకు ముందు రాత్రీ కాదు, గృహప్రవేశానికి ముందు రాత్రీ కాదు. స్లాబుకు ముందు రాత్రి. గోడ వంకరగా వస్తే పడగొట్టి మళ్ళీ కట్టవచ్చు, రంగు నచ్చకపోతే మార్చవచ్చు. స్లాబు ఒక్క రోజులో పడుతుంది, ఇల్లు ఉన్నంతకాలం నెత్తిమీద ఉంటుంది. సైటు ఇంజనీరుగా నాకు ఆ రాత్రి వచ్చే ఫోన్లలో ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. వాటికి జవాబులు ఇక్కడ రాశాను. ఇవి ఒకటి రెండు అంతస్తుల సొంత ఇళ్ళకు, సైటులోనే మిల్లర్ పెట్టి కాంక్రీటు కలిపే పనికి సంబంధించినవి. అపార్ట్‌మెంట్ల సంగతి వేరు.

స్లాబు వేసే మనుషులు మా ఇంటి మేస్త్రీ మనుషులేనా?

సాధారణంగా కాదు. గోడలు కట్టే తాపీమేస్త్రీ దగ్గర నలుగురైదుగురే ఉంటారు. స్లాబుకు ఇరవై నుంచి ముప్పై మంది కావాలి. అందుకే దీనికి వేరే ముఠా ఉంటుంది. వాళ్ళకో మేస్త్రీ, సొంతంగానో అద్దెకో ఒక మిల్లర్, దానికి అమర్చిన లిఫ్టు, కాంక్రీటును అదిరించి లోపలి గాలి బుడగలు తీసే వైబ్రేటర్లు ఒకటి రెండు ఉంటాయి. ఈ రోజు మీ ఇంటికి, రేపు ఇంకో వీధికి వెళ్తారు. సీజనులో వారానికి ఐదారు స్లాబులు వేసే ముఠాలున్నాయి.

వాళ్ళు రాకముందే రెండు జట్లు తమ పని ముగించి ఉంటాయి. చెక్కలు, రేకులు, జాకీలతో అచ్చు కట్టే సెంట్రింగ్ వాళ్ళు ఒక జట్టు. ఊచలు వంచి, పరచి, బైండింగు తీగతో ముడులు వేసే రాడ్ బెండర్లు రెండో జట్టు. వీళ్ళిద్దరి మధ్యలో ఎలక్ట్రీషియన్ దూరి పైపులు, ఫ్యాన్ బాక్సులు పెట్టి వెళ్తాడు. స్లాబు రోజున వచ్చే ముఠాకు వీళ్ళలో ఎవరితోనూ పరిచయం ఉండకపోవచ్చు. మునుపటివాళ్ళ తప్పును సరిదిద్దడం తమ పని కాదని వాళ్ళు అనుకుంటారు, అందులో అన్యాయమేమీ లేదు. ఆ తప్పులు పట్టుకోవలసింది మీరు, మీ ఇంజనీరు. అదీ కాంక్రీటు పడకముందే.

పని ఎన్ని గంటలకు మొదలవుతుంది? ఎన్నింటికి అయిపోతుంది?

ముఠా ఏడింటికల్లా వస్తుంది. వస్తూనే పని మొదలు కాదు. మిల్లర్‌ను ఇసుక, కంకర కుప్పలకు అందేలా నిలబెట్టాలి. లిఫ్టు స్తంభం గోడకు ఆనించి తాళ్ళతో బిగించాలి. పైన నడవడానికి ఊచల మీద చెక్కలు పరవాలి. డ్రమ్ములు నింపాలి. మేస్త్రీ కొబ్బరికాయ కొట్టి, మిల్లర్‌కు పసుపు కుంకుమ పెట్టి, మీ చేత మొదటి గమేళా వేయించేసరికి ఎనిమిది దాటుతుంది. ముహూర్తం తెల్లవారుజామున ఐదుంపావుకు ఉందంటే దానికీ దారి ఉంది. ఆ సమయానికి ఒక మూలన నాలుగు గమేళాల కాంక్రీటు చేత్తో కలిపి వేస్తారు. తర్వాత అందరూ టీ తాగుతారు. ఆ నాలుగు గమేళాలు గట్టిపడి విడి ముక్కగా మిగిలిపోకుండా, అసలు పని మొదలయ్యేలోపు వాటిని తీసేయమని మాత్రం చెప్పండి.

ఇక లెక్క చూద్దాం. ఒక బస్తా మిల్లర్ ఒక్కో విడతను నింపి, కలిపి, వంపడానికి మూడు నిమిషాలకు తక్కువ పట్టకూడదు. డ్రమ్ములో కనీసం రెండు నిమిషాలు తిరగాలి. వెయ్యి చదరపు అడుగుల స్లాబుకు నూట పది బస్తాలు దాటతాయి. అంటే ఆగకుండా నడిచినా ఐదున్నర, ఆరు గంటలు. మధ్యలో భోజనం, ఒకటి రెండు సార్లు బెల్టు జారడం, ఇసుకలో రాళ్ళు రావడం కలుపుకుంటే సాయంత్రం నాలుగు. "మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ముగిస్తాం సార్" అని ఎవరైనా అంటే సంతోషపడకండి. మిల్లర్ ఎంతసేపు తిప్పుతారో అడగండి.

ముందు రోజు సాయంత్రం ఏమేమి చూసుకోవాలి?

అసలు పని ఇదే. స్లాబు రోజున మీరు ఎంత హడావిడి పడినా ముందు రోజు చూడనిది అప్పుడు కనిపించదు.

కిందినుంచి మొదలుపెట్టండి. జాకీలైనా, సరుగుడు బాదులైనా, నిలబడిన నేల గట్టిదా? పునాది నింపిన మట్టి మీద ఇంకా గచ్చు వేసి ఉండరు. ఆ మట్టిలో జాకీ కాలు దిగబడితే స్లాబు అక్కడ కిందికి జారుతుంది. ప్రతి కాలి కింద వెడల్పాటి చెక్క ఉండాలి. ఇటుక ముక్కలు పేర్చి ఎత్తు సరిచేసిన కాళ్ళు కనిపిస్తే అక్కడికక్కడే మార్పించండి. పచ్చి కాంక్రీటు ఘనపు మీటరుకు సుమారు రెండున్నర టన్నులు తూగుతుంది. వెయ్యి చదరపు అడుగుల స్లాబు, బీములతో కలిపి ముప్పై ఐదు టన్నులు. దానిమీద మనుషులు. ఎనిమిది తొమ్మిది ఏనుగులను మేడ మీదికి ఎక్కించి, వాటిని కర్రల మీద నిలబెట్టినట్లు ఊహించుకోండి. ఆ కర్రల మధ్య వంగి నడుస్తూ ఒక్కొక్కదాన్నీ చేత్తో కదిపి చూడడం చిన్నతనమేమీ కాదు.

తర్వాత పైకి ఎక్కండి. రేకుల సందుల్లోంచి వెలుతురు కనబడుతోందా? వెలుతురు దిగేచోట సిమెంటు పాలు కూడా దిగుతాయి. పాలు పోయినచోట కంకర మిగిలి, సెంట్రింగు విప్పాక తేనెపట్టులా గుల్లగా కనిపిస్తుంది. అలాంటి సందుల్ని టేపుతోనో, తడి కాగితంతోనో మూయించండి.

ఊచల కింద బిళ్ళలున్నాయో లేదో చూడండి. స్లాబు ఊచకూ రేకుకూ మధ్య 20 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. దానికోసం సిమెంటుతో చేసిన బిళ్ళలే పెట్టాలి. కంకర రాయి పెడితే నలుగురు తొక్కగానే పక్కకు దొర్లిపోతుంది, ఊచ రేకుకు ఆనుతుంది. పదేళ్ళకు సీలింగు పెచ్చులూడి తుప్పు పట్టిన ఊచలు బయటపడే ఇళ్ళలో మొదటి తప్పు చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. ఒక్క బిళ్ళ ఖరీదు చాక్లెట్టు కంటే తక్కువ.

బాల్కనీ, సన్‌షేడ్ దగ్గర మాత్రం కాసేపు నిలబడండి. గదుల్లో స్లాబు నడిమికి బలం ఇచ్చే ఇనుము అడుగున ఉంటుంది. గోడ దాటి బయటికి వేలాడే భాగంలో అసలు ఇనుము పైన ఉండాలి. దానికింద కుర్చీలని పిలిచే వంచిన ఊచ ముక్కలు పెట్టి ఎత్తి ఉంచుతారు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ముప్పై జతల కాళ్ళు దానిమీద నడిస్తే అది కిందికి కుంగుతుంది. పైన ఉండాల్సిన ఇనుము అడుగుకు చేరిన బాల్కనీ సెంట్రింగు విప్పిన రోజునే కూలిన సందర్భాలున్నాయి. కుర్చీలు ఎన్ని ఎక్కువుంటే అంత మంచిది. ఆ భాగం మీద నడక చెక్కలు తప్పనిసరి.

మిగతావి త్వరగా చూసేయవచ్చు. ఫ్యాన్ బాక్సులు గది నడిమధ్యలో ఉన్నాయా, వాటి నోళ్ళలో కాగితాలు కుక్కారా, బాత్రూము పైపులు దిగే చోట గొట్టాలు నిలబెట్టారా, పై అంతస్తు వేస్తారనుకుంటే పిల్లర్ల ఊచలు పైకి లేచి ఉన్నాయా. చివరిగా రేకుల మీద పడిన రంపపు పొట్టు, బైండింగు తీగ ముక్కలు, గుట్కా పొట్లాలు ఊడ్పించి నీళ్ళతో కడిగించండి.

సరుకు ఎంత సిద్ధంగా ఉంచాలి?

వెయ్యి చదరపు అడుగుల స్లాబు ఐదు అంగుళాల మందం అనుకుంటే 417 ఘనపుటడుగులు. కిందికి దిగే బీములు కలిపి సుమారు 500. ఒక బస్తాకు రమారమి 4.4 ఘనపుటడుగుల కాంక్రీటు వస్తుంది కాబట్టి 113 బస్తాలు. 120 దించుకోండి. ఇసుక 210, ముప్పావు అంగుళం కంకర 420 ఘనపుటడుగులకు పైన ఓ పది శాతం కలుపుకోండి. నీళ్ళు కలపడానికే మూడు వేల లీటర్లు దాటతాయి. కడుగుళ్ళకు, డ్రమ్ములకు కలిపి ఐదు వేల లీటర్ల ట్యాంకరు ముందే నిలబడి ఉండాలి. బోరు ఉంది కదా అనుకోవద్దు, కరెంటు పోయేది సరిగ్గా ఆ రోజే.

గమేళాలతో కొలుస్తామంటున్నారు. సరేనా?

గమేళా నింపడంలో ఎన్ని రకాలున్నాయో చూడాలంటే పొద్దున ఎనిమిదింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి చూడండి. పొద్దున గోపురంలా ఉన్నది సాయంత్రానికి పళ్ళెంలా తయారవుతుంది. ఒక బస్తా సిమెంటు ఘనపరిమాణం 1.25 ఘనపుటడుగులు. సరిగ్గా అంత పట్టే చెక్క పెట్టె ఒకటి చేయిస్తే చాలు. ఎం20 రకం కాంక్రీటుకు (ఆ పేరు అర్థం తర్వాతి జవాబులో ఉంది) ఒక బస్తా సిమెంటు, ఒకటిన్నర పెట్టెల ఇసుక, మూడు పెట్టెల కంకర. ముఠా పెట్టె వద్దంటే, ఆ పెట్టె ఇసుక ఎన్ని గమేళాలయిందో మొదటి విడతలో అందరి ముందూ కొలిచి, ఆ లెక్కకు కట్టుబడమనండి. లెక్కపెట్టేవాడు ఒకడు మిల్లర్ దగ్గర ఉండాలి. ఖాళీ సిమెంటు సంచులు సాయంత్రం లెక్కపెట్టడానికి పనికొస్తాయి, ఎవరికీ ఇవ్వకండి.

నీళ్ళు ఎన్ని పోయాలి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి.

ఎం20 అంటే 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల ఒత్తిడిని తట్టుకోవలసిన కాంక్రీటు. ఈ పాళ్ళలో కలిపేటప్పుడు 50 కిలోల బస్తాకు 30 లీటర్ల నీరు దాటకూడదని భారత ప్రమాణాల గ్రంథం ఐ.ఎస్. 456 చెబుతుంది. నేను 27, 28 దగ్గర ఆపుతాను. ఆ లెక్కలో ఇసుకలో ఉన్న తడి కూడా ఉంది. రాత్రి వాన పడితే ఒక బస్తాకు పడే ఇసుకలోనే నాలుగు లీటర్ల నీరు దాగి ఉండవచ్చు. అలాంటి రోజు డ్రమ్ములో పోయవలసింది 23, 24 మాత్రమే.

మరి ముఠా నీళ్ళు ఎందుకు ఎక్కువ పోస్తుంది? మోసం చేయడానికి కాదు. మీరు ఒక్క గంట పార పట్టుకుంటే తెలుస్తుంది. గట్టి కాంక్రీటును లాగాలి, సర్దాలి, దానితో కుస్తీ పట్టాలి. చారులాంటి కాంక్రీటు తనంతట తానే పారుతుంది. ఉదయం పూట ఎవరూ అడగరు. మధ్యాహ్నం రెండున్నర దాటాక, ఎండ మాడుతుండగా, పైనుంచి కేక వినబడుతుంది: "నీళ్ళు పెట్టరా!" మిల్లర్ దగ్గరున్న కుర్రాడు ఇంకో అరబకెట్టు గుమ్మరిస్తాడు. సిమెంటుకు అవసరం లేని ఆ నీరు తర్వాత ఆవిరై పోతుంది, అది ఉన్నచోట సన్నని రంధ్రాలు మిగులుతాయి. బలం తగ్గేది, వానాకాలం చెమ్మ దిగేది ఆ రంధ్రాల వల్లే. బస్తాలు ఒక్కటి తగ్గకుండా వాడి, నీళ్ళతో పాడుచేసుకున్న స్లాబులు నేను చూసినవాటిలో చాలా ఉన్నాయి.

కాబట్టి కేకలు వేయకుండా చేయగలిగింది ఒకటుంది. మేస్త్రీతో ముందే మాట్లాడి, లీటర్ల గీతలున్న ఒక బకెట్టు కొనిచ్చి, మిల్లర్‌లోకి నీళ్ళు ఆ బకెట్టుతోనే పోయాలని ఒప్పించండి. పైపు నేరుగా డ్రమ్ములో పెట్టనివ్వకండి. పైవాళ్ళకు గట్టిగా అనిపిస్తే రెండో వైబ్రేటరు తెప్పించండి. దాని అద్దె ఎంత ఉన్నా మీ ఇంటి ఖర్చులో అది చిల్లరే.

పైన ఎవరు ఏమి చేస్తారు?

కింద ఐదారుగురు ఇసుక, కంకర ఎత్తి మిల్లర్ తొట్టిలో వేస్తారు. ఒకరు సంచులు కోస్తారు, ఆయన ముఖం మధ్యాహ్నానికి విభూతి పూసినట్లు ఉంటుంది. మిల్లర్ ఆపరేటరు చేతిలో ఒక చక్రం, చూపు పైకి. డ్రమ్ము వంచగానే కాంక్రీటు లిఫ్టు బకెట్టులో పడి పైకి వెళ్తుంది. అక్కడినుంచి గమేళాల్లో చేతులు మారుతూ, లేదా తోపుడు బండిలో, పోసే చోటికి చేరుతుంది. కూలీలు ఎప్పుడూ దూరపు మూల నుంచి లిఫ్టు వైపు వెనక్కి జరుగుతూ పోస్తారు. ముందు బీములు నిండాలి, తర్వాత స్లాబు.

వైబ్రేటరు పట్టుకున్నవాడు ఆ రోజు అందరికంటే ముఖ్యుడు. సూది నిలువుగా దించాలి, పది పదిహేను సెకన్లు ఉంచి, బుడగలు రావడం ఆగాక నెమ్మదిగా తీయాలి. దానితో కాంక్రీటును పక్కకు నెట్టకూడదు, ఊచలకు తాకించి ఉంచకూడదు. బీమూ పిల్లరూ కలిసేచోట ఇనుము గుబురుగా ఉంటుంది, కాంక్రీటు దిగడానికి మొండికేస్తుంది. అక్కడ తొందరపడితే లోపల గుల్ల మిగులుతుంది, పైకి తెలియదు.

ఆ వెనుకే తాపీమేస్త్రీ అల్యూమినియం పట్టీతో మట్టం లాగుతూ వస్తాడు. మందానికి గుర్తుగా కోసుకున్న ఊచ ముక్కను అక్కడక్కడా గుచ్చి చూస్తాడు. ఐదు అంగుళాలు ఉండవలసిన చోట నాలుగున్నర ఉంటే అప్పుడే చెప్పండి, మర్నాడు చెప్పి లాభం లేదు.

మధ్యలో మిల్లర్ చెడిపోతే? వాన వస్తే?

చినుకులకు భయపడనక్కరలేదు. జోరు వాన అయితే పని ఆపి, వేసినంతవరకు టార్పాలిన్లు కప్పాలి. టార్పాలిన్లు ముందే సైటులో ఉండాలి, వాన మొదలయ్యాక అద్దె దుకాణానికి పరుగెత్తితే ఫలితం ఉండదు.

మిల్లర్ ఆగితే అరగంట, ముప్పావు గంట వరకు పెద్ద నష్టం లేదు. ఎండాకాలం అయితే అంతకంటే తక్కువ. ముందు వేసిన అంచు గట్టిపడకముందే కొత్తది దానితో కలిసిపోవాలి. ఇక ఆ రోజు కాదని తేలితే, ఎక్కడ ఆపాలో ఇంజనీరు చెప్పాలి. పిల్లర్ దగ్గరో, గోడ మీదో బాగుంటుందనిపిస్తుంది కానీ అది తప్పు. కోత బలం (షియర్, అంటే స్లాబును అడ్డంగా తెంపాలని చూసే ఒత్తిడి) తక్కువగా ఉండే నడిమి భాగంలో, చెక్క అడ్డుపెట్టి నిలువుగా ఆపాలి. మర్నాడు ఆ అంచును గరుకు చేసి, కడిగి, సిమెంటు పాలు పూసి కొత్త కాంక్రీటు కలపాలి. అంచు వాలుగా వదిలేసి ఇంటికి వెళ్ళారంటే అక్కడ కారే గీత ఒకటి మీకు రాసిచ్చినట్లే.

భోజనం మేమే పెట్టాలా?

ఒప్పందంలో ఉండదు, ఆచారంలో ఉంటుంది. చాలా ఊళ్ళలో స్లాబు రోజు భోజనం ఇంటివారిదే. కోడికూర అన్నమో, బిర్యానీయో పెడతారు. ముప్పై మందికి చెప్పండి, ముప్పై ఐదు మంది తింటారు. రెండుసార్లు టీ, పొద్దుటినుంచి మంచినీళ్ళు, ఎండాకాలమైతే మజ్జిగ. భోజనానికి అందరినీ ఒకేసారి పిలవకండి. రెండు పంక్తులుగా కూర్చోబెడితే మిల్లర్ ఆగదు, అంచు గట్టిపడదు.

మద్యానికి డబ్బులు అడిగే అలవాటూ ఉంది. ఇవ్వదలచుకుంటే పని అయ్యాక, అందరూ నేలమీదికి దిగాక, మేస్త్రీ చేతికి. మధ్యాహ్నం భోజనంతోపాటు ఇచ్చిన వాళ్ళను చూశాను. నేనైతే ఆ సైటులో ఉండను.

కూలి ఎలా లెక్కిస్తారు?

కొందరు చదరపు అడుగుకు, కొందరు బస్తాకు. బస్తా లెక్కలో ఒక మెలిక ఉంది. బస్తాలు ఎక్కువైతే వాళ్ళకు లాభం, త్వరగా అయినా లాభమే, అందుకే మిల్లర్ తిప్పే సమయం తగ్గుతుంది. అడుగు లెక్కలో మందం తగ్గించాలనే కోరిక పుడుతుంది. ఏ లెక్కలో ఏది చూసుకోవాలో దీన్నిబట్టి మీకే తెలుస్తుంది. మిల్లర్ అద్దె, డీజిలు, వైబ్రేటరు ఎవరివో ముందే మాట్లాడుకోండి. గొడవలన్నీ డీజిలు దగ్గరే వస్తాయి.

ఇంకో మాట. ముఠాలో సగం మంది ఆడవాళ్ళుంటారు. కంకర ఎత్తేది, గమేళాలు అందించేది చాలావరకు వాళ్ళే. కూలి మాత్రం మగవాళ్ళకంటే తక్కువ ముడుతుంది. సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలన్న చట్టం 1976లోనే వచ్చింది. డబ్బు మేస్త్రీ పంచుతాడు కాబట్టి మనకేమీ తెలియనట్లు ఉంటాం. తెలుసు.

ప్రమాదం జరగకుండా మేము ఏమి చేయగలం?

ఇంటి పక్కనుంచి కరెంటు తీగలు వెళ్తుంటే విద్యుత్తు శాఖవాళ్ళకు ముందే చెప్పి ఆ కాసేపు సరఫరా ఆపించండి, లేదా తొడుగులు వేయించండి. లిఫ్టు స్తంభం, పొడవాటి ఊచలు తీగలకు తాకడం సొంత ఇళ్ళ పనుల్లో తరచుగా వినే చావు కబురు. లిఫ్టు బకెట్టులో మనిషి ఎక్కకూడదు, దాని కింద ఎవరూ నిలబడకూడదు. వైబ్రేటరు వైర్లకు అతుకులుంటే మార్పించండి, తడి ఇనుము మీద నడిచే మనుషులు వాళ్ళు. పచ్చి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది. పది జతల రబ్బరు బూట్లు, చేతి తొడుగులు మీరే కొని ఉంచితే వాళ్ళు నవ్వుతారు, కాని వేసుకుంటారు.

పిల్లలను ఆ రోజు సైటుకు తేవద్దు. మీ పిల్లలనే కాదు, కూలీల పిల్లలు ఉంటే నీడలో కూర్చోబెట్టి, చూసుకోవడానికి ఒకరిని ఉంచండి.

స్లాబు పోస్తున్నంతసేపూ సెంట్రింగ్ వాళ్ళలో ఒకరు కింద ఉండాలి. జాకీ జారినా, రేకు ఉబ్బినా మొదట తెలిసేది కిందివాడికే. సెంట్రింగు మేస్త్రీ "నేను రాకపోయినా ఏమీ కాదు" అంటే ఒప్పుకోకండి.

యజమానిగా నేను ఎక్కడ నిలబడాలి?

మిల్లర్ దగ్గర. పైకి రెండు మూడు సార్లు వెళ్ళి రండి, చాలు. పైన మీరు నిలబడితే ఇంకో జత కాళ్ళు ఊచలను తొక్కడం తప్ప లాభం లేదు. బంధువులందరినీ పిలిచి ఊచల మీద నిలబెట్టి ఫోటోలు తీసుకోవడం వద్దని ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినరు.

రెడీమిక్స్ (ప్లాంటులో కలిపి లారీలో తెచ్చే కాంక్రీటు) తెప్పిస్తే ఈ తలనొప్పులన్నీ పోతాయా?

కొన్ని పోతాయి, కొన్ని మారతాయి. పాళ్ళు కచ్చితంగా ఉంటాయి, పని రెండు మూడు గంటల్లో ముగుస్తుంది. ఒక లారీలో ఆరు ఘనపు మీటర్లు వస్తుంది, పై లెక్క ఇంటికి మూడు లారీలు కావాలి. అయితే సందులోకి లారీ రావాలి, పంపు నిలబడాలి, రెండో లారీ ట్రాఫిక్కులో ఇరుక్కోకూడదు. ఇంకోటి, పంపు నుంచి కాంక్రీటు ఒక్కచోట కుప్పగా పడితే ఆ బరువు సెంట్రింగు మీద ఒక్కసారిగా పడుతుంది, వెంటనే సర్దాలి. పైన మనుషులు ఎలాగూ కావాలి. లారీ దగ్గర కూడా "కొంచెం నీళ్ళు కలపమంటారా?" అని అడుగుతారు. వద్దనండి.

కాంక్రీటును పరీక్ష చేయించాలా?

చేయించండి. 150 మిల్లీమీటర్ల ఘనాకార అచ్చులు ఆరు తెప్పించి, ఉదయం మూడు, మధ్యాహ్నం మూడు కాంక్రీటుతో నింపండి, గట్టిపడిన ఆ దిమ్మలను ల్యాబులో నొక్కి బలం చూస్తారు. మధ్యాహ్నం నింపినవే అసలు కథ చెబుతాయి.

సాయంత్రం ముఠా వెళ్ళిపోయాక మా పని ఏమిటి?

వాళ్ళు మిల్లర్ కడిగి, కాళ్ళు చేతులు కడుక్కొని, డబ్బు పంచుకొని ట్రాలీ ఎక్కేసరికి చీకటి పడుతుంది. ఇక మీ వంతు. ఉపరితలం వేలితో నొక్కితే గుంట పడనంత గట్టిపడగానే తడి గోనెలు పరచండి, లేదా సన్నగా నీళ్ళు చిలకరించండి. ఎండాకాలంలో ఇది ఆలస్యమైతే అదే రాత్రి వెంట్రుకల్లాంటి పగుళ్ళు వస్తాయి. పైపైన ఆరిపోవడం వల్ల వచ్చే అలాంటి పగుళ్ళను చూసి స్లాబు పోయిందని ఏడవనక్కరలేదు, ఇంజనీరుకు చూపించి పూడ్పించవచ్చు.

మర్నాడు ఉదయం సిమెంటు తక్కువగా కలిపిన ఇసుకతో గట్లు వేసి, పొలంలో మడుల్లా విడగొట్టి, రెండు అంగుళాల నీరు నిలపండి. ఇప్పుడు ఇళ్ళకు ఎక్కువగా వాడేది పి.పి.సి. (పోర్ట్‌లాండ్ పోజోలానా, అంటే ఫ్లైయాష్ లాంటి బూడిద కలిపిన) సిమెంటు. దీనికి కనీసం పది రోజులు తడి ఉండాలి, పద్నాలుగు రోజులైతే మంచిది. మూడో రోజు నుంచి ఇంటివారికి ఉత్సాహం తగ్గుతుంది, ఐదో రోజుకు మడులు ఎండుతాయి. ఎవరికైనా కూలి ఇచ్చి రోజూ రెండుపూటలా నీళ్ళు పెట్టించండి. బీముల పక్కలు, అడుగుభాగాలు కూడా సెంట్రింగు విప్పాక తడపాలి.

సెంట్రింగు ఎప్పుడు విప్పవచ్చు?

మామూలు సిమెంటుకు ఐ.ఎస్. 456 చెప్పేది ఇది: నాలుగున్నర మీటర్ల లోపు స్లాబు కింది ఆధారాలకు 7 రోజులు, అంతకుమించితే 14. బీముల కింద ఆరు మీటర్ల వరకు 14 రోజులు, ఆపైన 21. పి.పి.సి. నెమ్మదిగా బలం పుంజుకుంటుంది కాబట్టి నేను స్లాబుకు 14, బీములకు 21 రోజులకు తక్కువ ఒప్పుకోను. బాల్కనీ విషయంలో ఇంకా ఓపిక పడతాను, విప్పేటప్పుడు కొస నుంచి గోడ వైపు విప్పిస్తాను. సెంట్రింగ్ వాళ్ళకు రేకులు వేరే సైటుకు కావాలి, ఎనిమిదో రోజు నుంచే ఫోను చేస్తారు. రేకులకు రోజు అద్దె అడిగితే ఇచ్చేయండి.

పాత రోజుల్లో కప్పు వేసేవాళ్ళు కూడా ఇలాగే వచ్చేవారా?

ముప్పై మంది ఒక్కరోజు వచ్చి వెళ్ళడం స్లాబుతో వచ్చిన పద్ధతి. గూనపెంకుల ఇళ్ళకు ఏటా వానలకు ముందు పెంకు నేసేవాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చి, పగిలినవి తీసి, కొత్తవి సర్ది వెళ్ళేవారు. తాటాకు ఇళ్ళకూ అంతే, కప్పు మార్చడం ఊరి పంచాంగంలో ఒక భాగం. మిద్దె ఇళ్ళలో టేకు దూలాల మీద ఇటుకలు పేర్చి, సున్నం వేసి, రోజుల తరబడి దిమ్మిసాతో కొట్టేవారు. మిద్దె కొట్టేవాళ్ళకు పాటలుండేవి. మిల్లర్ చప్పుడులో పాట వినబడదు, ఇప్పుడు ఎవరైనా పాడుతున్నా.

మంచి ముఠా దొరికింది. పై అంతస్తుకూ వాళ్ళే కావాలంటే?

మేస్త్రీ ఫోను నంబరు తీసుకొని రెండు వారాల ముందే చెప్పండి. చాలామంది మేస్త్రీలు అమావాస్య నాడు పని పెట్టుకోరు. పెళ్ళిళ్ళ ముహూర్తాలు దట్టంగా ఉన్న వారంలో సగం మంది రారు. ఎన్నికల రోజుల్లో ఓటు ఊళ్ళో ఉంటుంది కాబట్టి వలస వచ్చిన ముఠాలన్నీ బస్సెక్కుతాయి. ఇక సంక్రాంతికి వారం ముందు నుంచి, పండగ అయ్యాక ఇంకో వారం దాకా, ఎంత ఆశపెట్టినా ఎవరూ దొరకరు. ఆ రోజుల్లో స్లాబు తేదీ పెట్టుకొని నాకు ఫోను చేయకండి.